సిగ్గు, చనువు, న్యాయం: లూకా సువార్త తెలుగు అనువాదంలో పట్టువిడువని ప్రార్థన

ప్రవేశిక

తెలుగు క్రైస్తవ బోధలో ప్రార్థన ప్రసక్తి వచ్చినప్పుడు ధైర్యం, పట్టుదల అనే రెండు మాటలు తరచుగా జంటగా వినిపిస్తాయి. దేవుని సన్నిధికి జంకు లేకుండా వెళ్ళాలి, అడిగినది దొరికేవరకు విడువరాదు అన్నది ఆ బోధ సారాంశం. దీనికి ఆధారంగా చూపే పాఠాలలో లూకా సువార్తలోని రెండు చిన్న కథలు ముఖ్యమైనవి. మొదటిది 11వ అధ్యాయం 5–8 వచనాలలోని అర్ధరాత్రి స్నేహితుడి కథ. రెండవది 18వ అధ్యాయం 1–8 వచనాలలోని విధవరాలి కథ. ఈ రెంటినీ కలిపి ‘విసుగు లేని ప్రార్థన’ అనే ఒకే శీర్షిక కింద చదవడం పరిపాటి అయింది.

తెలుగు క్రైస్తవులు తరతరాలుగా చదువుతున్న బైబిలు సొసైటీ వారి గ్రాంథికానువాదాన్ని ఆధారంగా తీసుకుని, ఈ రెండు కథలలో అనువాదకులు ఎంచుకున్న కొన్ని మాటలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ‘సిగ్గుమాలి’, ‘మాటిమాటికి’, ‘గోజాడు’, ‘ధైర్యము’ అనే నాలుగు మాటలు, ‘ఉపమానము’ అనే ప్రక్రియానామం ఇందులో చర్చకు వస్తాయి. అడిగే హక్కు ఉన్నవాడి ధైర్యం వేరు, ఏ హక్కూ లేనివాడి తెగింపు వేరు. గ్రీకు మూలం ఈ రెంటికీ వేర్వేరు మాటలు వాడింది. తెలుగు అనువాదం కూడా ఆ తేడాను చాలావరకు నిలిపింది. ఆ తేడాను చెరిపివేసింది తరువాతి బోధనా సంప్రదాయం. ఈ తేడాను గుర్తిస్తే లూకా కథలే కాక, తెలుగు భక్తి కవిత్వంలోని నిలదీతలు, జాషువ ‘గబ్బిలం’ కూడా కొత్త వెలుగులో కనిపిస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

రెండు కథలు, ఒకే నుడి

మొదటి కథలో ఒకని ఇంటికి అర్ధరాత్రివేళ ప్రయాణం మీద ఉన్న స్నేహితుడు వస్తాడు. పెట్టడానికి ఇంట్లో ఏమీ లేదు. అతడు మరొక స్నేహితుడి ఇంటికి వెళ్ళి మూడు రొట్టెలు బదులడుగుతాడు. తలుపు వేసి, పిల్లలతో పడుకున్న ఇంటివాడు లేవలేనంటాడు. స్నేహం కోసం లేవకపోయినా మరొక కారణం వల్ల లేచి ఇస్తాడని యేసు కథ ముగిస్తాడు. రెండవ కథలో దేవునికి భయపడని, మనుషులను లక్ష్యపెట్టని న్యాయాధిపతి ఒకడు. తన ప్రతివాదికీ తనకూ న్యాయం తీర్చమని ఒక విధవరాలు అతని వద్దకు వస్తూ ఉంటుంది. కొంతకాలం నిరాకరించిన ఆ అధికారి చివరకు ఆమె పోరు పడలేక న్యాయం తీర్చడానికి సిద్ధపడతాడు.

ఈ రెండు కథలను రచయిత ఉద్దేశపూర్వకంగానే జతచేశాడనడానికి మూలంలో ఒక ఆధారం ఉంది. పడుకున్న స్నేహితుడు తన అసౌకర్యాన్ని చెప్పుకోవడానికి వాడిన గ్రీకు నుడికారాన్నే న్యాయాధిపతి కూడా వాడతాడు. ‘కోపోస్’ అంటే శ్రమ, ఇబ్బంది. ఇద్దరూ ఎదుటివారు తమకు ఆ శ్రమ కలిగిస్తున్నారంటారు. తెలుగు అనువాదకులు ఈ పోలికను గమనించి రెండు చోట్లా ‘తొందరపెట్టు’ అనే క్రియనే వాడారు. నేటి పాఠకుడికి తొందరపెట్టడమంటే త్వరపెట్టడమే. పూర్వపు వాడుకలో తొందర అన్నమాటకు బాధ, ఇబ్బంది, చికాకు అనే అర్థాలున్నాయి. ఆ అర్థం మరుగున పడటంతో ఇప్పటి పాఠకుడికి విధవరాలు న్యాయాధిపతిని త్వరపెడుతున్నట్టు మాత్రమే తోస్తుంది. నిజానికి ఆమె అతనికి నిద్ర లేకుండా చేస్తున్నది. అనువాదం చెడలేదు, అర్థపరిణామం వల్ల మాట పదును తగ్గింది.

అయితే రెండు కథల మధ్య తేడా కూడా ఉంది. స్నేహితుడు అడిగింది రొట్టె, విధవరాలు అడిగింది న్యాయం. అతడు అడిగింది ఒక రాత్రి, ఆమె అడిగింది చాలా రోజులు. అతడు తనకోసం అడగలేదు, అతిథి కోసం అడిగాడు. ఈ తేడాలను విస్మరించి రెండింటినీ ‘పట్టుదల’ అనే ఒకే గుణానికి దృష్టాంతాలుగా చదివితే మొదటి కథకు ప్రత్యేకమైన విషయం జారిపోతుంది.

‘సిగ్గుమాలి’

మొదటి కథలో ఇంటివాడిని లేపిన ఆ ‘మరొక కారణం’ పేరు గ్రీకులో ‘అనైదేయా’. ‘ఐదోస్’ అంటే సిగ్గు, బిడియం, మర్యాదా స్పృహ. అది లోపించడమే అనైదేయా. కొత్త నిబంధనలో ఈ పదం ఈ ఒక్కచోటే వస్తుంది. గ్రీకు పాతనిబంధనకు చేరిన సీరాకు కుమారుని జ్ఞానగ్రంథంలో 25వ అధ్యాయంలో ఇది నిందార్థంలోనే కనిపిస్తుంది. క్లైన్ స్నోడ్‌గ్రాస్ 1997లో ప్రకటించిన వ్యాసంలో ప్రాచీన గ్రీకు ప్రయోగాలను విస్తృతంగా పరిశీలించి ఈ పదం సిగ్గులేనితనాన్నే సూచిస్తుందనీ, పట్టుదల అనే మంచి అర్థం దీనికి సహజం కాదనీ వాదించాడు.

అనువాద చరిత్ర మాత్రం ఈ మాటను మెత్తబరచే దిశలోనే చాలాకాలం నడిచింది. లాటిన్ వుల్గాత ‘ఇంప్రోబితాస్’ అని కొంత కటువుదనాన్ని నిలిపింది. 1611 నాటి కింగ్ జేమ్స్ ఆంగ్లానువాదం ‘ఇంపార్చునిటీ’ అంది. అంటే వదలక వేధించి అడగడం. అందులో సిగ్గు ప్రసక్తి లేదు. గత శతాబ్దపు న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్ దీన్ని ‘బోల్డ్‌నెస్’ అని ధైర్యంగా మార్చింది. అదే అనువాదం 2011 సవరణలో ‘షేమ్‌లెస్ ఆడాసిటీ’ అని తిరిగి సిగ్గు వద్దకు వచ్చింది.

తెలుగు అనువాదం ‘సిగ్గుమాలి’ అనడం ఈ నేపథ్యంలో గమనించదగినది. ‘మాలు’ అంటే లేకపోవు, నశించు. దిక్కుమాలిన, పనికిమాలిన వంటి సమాసాలలో వినిపించే హేళన దీనిలోనూ ఉంది. సిగ్గుమాలినవాడు అనేది తెలుగులో తిట్టు. పవిత్రగ్రంథంలో, అదీ ప్రార్థన నేర్పే ఘట్టంలో, ఈ తిట్టుమాటను ఉంచడానికి అనువాదకులు వెనుకాడలేదు. మూలపదం నిఘంటుధర్మానికి ఇంతకన్న దగ్గరి తెలుగు మాట దొరకడం కష్టం.

కాని వారు అక్కడితో ఆగలేదు. ‘మాటిమాటికి’ అడగడం అనే భావాన్ని చేర్చారు. మూలంలోని ఆ వాక్యంలో పదేపదే అన్న అర్థమిచ్చే మాట లేదు. కథలో స్నేహితుడు రెండవసారి అడిగిన దాఖలా కూడా లేదు. ఒక్కసారి అడిగాడు, లోపలినుంచి ఒక్క సమాధానం వచ్చింది. ఈ ‘మాటిమాటికి’ విధవరాలి కథలో న్యాయాధిపతి నోట మళ్ళీ వస్తుంది, అక్కడ అది సందర్భోచితం. అంటే రెండవ కథ వెలుగులో మొదటి కథను చదివిన ఛాయ అనువాదం మీద పడింది. లూథర్ జర్మన్ అనువాదంలోనూ ఇటువంటి పరిష్కారమే కనిపించడం విశేషం. సిగ్గులేని అన్న విశేషణాన్ని, వెంటపడి యాచించడం అన్న నామాన్ని ఆయన జతచేశాడు. ఒకదాని ప్రభావం మరొకదానిపై ఉందని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఒంటరిగా నిలిచిన ‘సిగ్గులేనితనం’ ఇద్దరు అనువాదకులకూ అసంపూర్ణంగా తోచిందనీ, దానికి ‘అడగడం’ అనే క్రియను తోడు చేయవలసి వచ్చిందనీ మాత్రం చెప్పవచ్చు.

ఈ చేర్పు మరొక ముఖ్యమైన సందిగ్ధతను కూడా పరిష్కరించేసింది. మూలంలో ‘అతని సిగ్గులేనితనం’ అని మాత్రమే ఉంది. అతడెవరు? అడిగినవాడా, పడుకున్నవాడా? యోఆకిమ్ యెరెమియాస్, ఆయన తరువాత ‘పోయెట్ అండ్ పెజంట్’ (1976) గ్రంథంలో కెన్నెత్ బెయిలీ ఈ మాట పడుకున్నవానికి చెందుతుందని వాదించారు. అతిథి మర్యాద ఊరంతటి బాధ్యతగా ఉన్న పల్లెలో రొట్టె ఇవ్వనివాడికి తెల్లవారితే తలవంపులు తప్పవు. ఆ అపకీర్తిని తప్పించుకోవడానికే అతడు లేస్తాడన్నది వీరి వివరణ. ఇది నిలవాలంటే అనైదేయా అన్న పదానికి సిగ్గులేనితనం బదులు ‘సిగ్గుపడవలసిన స్థితిని తప్పించుకోవడం’ అనే అర్థం ఇవ్వాలి. స్నోడ్‌గ్రాస్ చూపిన ప్రయోగాలు దీనికి అనుకూలంగా లేవు. కనుక అడిగినవాడి పక్షాన తెలుగు అనువాదం ఇచ్చిన తీర్పే బలమైనది. అయితే బెయిలీ చూపిన సామాజిక చిత్రాన్ని తోసిపుచ్చనక్కరలేదు. అతిథికి పెట్టలేని ఇల్లు సిగ్గుపడే సమాజంలో, ఆ సిగ్గు తప్పించడానికి ఒకడు మరొక సిగ్గును విడిచిపెట్టాడు. అర్ధరాత్రి పొరుగింటి తలుపు తట్టాడు. పరువు కోసం పరువును వదులుకున్న ఈ వైరుధ్యమే కథకు ప్రాణం.

‘గోజాడు’

విధవరాలి కథలో న్యాయాధిపతి స్వగతం మరింత ఆసక్తికరమైనది. ఆమె వచ్చి తనను ఏం చేస్తుందని అతడు భయపడుతున్నాడో చెప్పడానికి మూలం ‘హుపోపియాజో’ అనే క్రియను వాడింది. కంటి కింద దెబ్బకొట్టడం దాని వాచ్యార్థం. అది ముష్టియుద్ధానికి సంబంధించిన మాట. కొత్త నిబంధనలో ఇది మరొక్కచోట మాత్రమే వస్తుంది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయం 27వ వచనంలో పౌలు తన శరీరాన్ని తానే దండించుకోవడాన్ని ఈ క్రియతో చెప్పాడు. అక్కడ తెలుగు అనువాదకులు ‘నలగగొట్టి’ అన్నారు. అక్కడి గోదా వాతావరణం ఆ మాటలో చక్కగా అందింది. ఇక్కడ మాత్రం అదే క్రియకు ‘గోజాడు’ అన్నారు.

గోజాడడమంటే వెంటబడి వేడుకోవడం, ప్రాధేయపడుతూ విసిగించడం. ఇందులో దెబ్బ లేదు, దైన్యం ఉంది. ఆడుమనిషి ఆక్రోశాన్ని పురుషాధికారి ఎలా వింటాడో ఆ వినికిడిని ఈ మాట బాగా పట్టుకుంది. న్యాయాధిపతికి ఆమె వాదం గోజాటలాగే వినిపిస్తుంది. ఆ విధంగా చూస్తే తెలుగు మాట పాత్రోచితం. కాని నష్టం కూడా ఉంది. దేవునికీ మనుషులకూ భయపడని అధికారి ఒక దిక్కులేని స్త్రీ చేతిలో కంటికింద దెబ్బ తింటానేమోనని జంకడంలోని హాస్యం మూలంలో ఉంది. లాటిన్ అనువాదం కమిలేట్టు కొట్టడం అన్న అర్థమిచ్చే క్రియతో దాన్ని నిలిపింది. ఏమీ బెట్టు లేనివాళ్ళ చేతిలో అధికారం బెదిరిపోవడాన్ని చూసి తొలి శ్రోతలు నవ్వి ఉంటారు. ‘గోజాడు’లో ఆ నవ్వు వినబడదు. పాఠకుడికి మిగిలేది బతిమాలే విధవరాలు. ఆమెను సహనానికి ప్రతీకగా మార్చే బోధలకు ఈ మాట తెలియకుండానే దారి ఇచ్చింది.

ఆమె అడిగిన వస్తువును ఇక్కడ మరచిపోరాదు. ఆమె కోరింది న్యాయం తీర్చమని. కథ చివర దేవుడు ఏర్పరచుకొన్నవారు రాత్రింబవళ్ళు పెట్టే మొరకూ న్యాయమే ఫలంగా చెప్పబడింది. సంపద, ఆరోగ్యం, ఉద్యోగం వంటి వరాలు ఈ కథలో లేవు. పీడితుల ఫిర్యాదు ఉంది. ఈ కథను ఏ కోరికకైనా వర్తించే పట్టుదల పాఠంగా మార్చడమంటే ఫిర్యాదును దరఖాస్తుగా మార్చడమే.

ఉపమానమా? అర్థాపత్తియా?

ఈ కథలు చదివేటప్పుడు ఎదురయ్యే వేదాంత సమస్య ఒకటుంది. పడుకున్న స్నేహితుడు దేవుడా? అన్యాయపు న్యాయాధిపతి దేవుడా? అయితే దేవుడు విసిగిస్తే తప్ప ఇవ్వనివాడని అర్థం కాదా? ఈ చిక్కుకు తెలుగులో ఒక అదనపు కారణం ఉంది. ‘పరబోలే’ అన్న గ్రీకు పదానికి తెలుగు క్రైస్తవ పరిభాషలో స్థిరపడిన మాట ‘ఉపమానము’. అలంకారశాస్త్ర సంస్కారం ఉన్న తెలుగు పాఠకుడికి ఆ మాట వినగానే ఉపమేయం ఏది అన్న ప్రశ్న పుడుతుంది. ముఖం ఉపమేయం, చంద్రుడు ఉపమానం, కాంతి సమానధర్మం. అదే పద్ధతిలో న్యాయాధిపతి ఉపమానం, దేవుడు ఉపమేయం అనుకుంటే సమానధర్మంగా నిర్దయ తేలుతుంది. ప్రక్రియ పేరే పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తున్నది.

ఈ కథల తర్కనిర్మాణానికి సరిపోయే పేరు మన అలంకారశాస్త్రంలోనే ఉంది. అప్పయ్యదీక్షితులు ‘కువలయానందం’లో కైముత్యం చేత అర్థసిద్ధి కలగడాన్ని కావ్యార్థాపత్తి అన్నారు. ఎలుక దండాన్నే కొరికివేసిందంటే దానికి గుచ్చిన అప్పాల సంగతి వేరే చెప్పాలా అన్న దండాపూపికా న్యాయం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. నిద్ర చెడినందుకు విసుక్కునే స్నేహితుడే ఇచ్చినప్పుడు, అన్యాయపరుడైన అధికారే తీర్పు చెప్పినప్పుడు, దేవుని విషయం వేరే చెప్పాలా అన్నదే ఈ కథల నడక. యూదు వ్యాఖ్యాన సంప్రదాయంలో తేలికదాని నుంచి బరువైనదానికి వెళ్ళే ఈ తర్కానికి ‘కల్ వహోమెర్’ అని పేరు. లూకా 11లో కథ ముగిసిన వెంటనే వచ్చే తండ్రీకొడుకుల ప్రస్తావన ఈ పఠనాన్ని బలపరుస్తుంది. చేప అడిగిన కొడుక్కి పామునూ, గుడ్డు అడిగినవాడికి తేలునూ ఏ తండ్రీ ఇవ్వడు. చెడ్డవారైన తండ్రులే ఇలా ఉంటే పరలోకపు తండ్రి సంగతి చెప్పాలా అని అక్కడ తర్కం పైకే తేలింది.

కథలను కావ్యార్థాపత్తిగా చదివితే దేవునికీ న్యాయాధిపతికీ ఉన్నది పోలిక అన్న మాట పోతుంది, ఉన్నది వ్యత్యాసం అని తేలుతుంది. దానితో మరొక ప్రశ్న మిగులుతుంది. దేవుడు వెంటనే ఇచ్చేవాడైతే పట్టుదల ఎందుకు? లూకా దీనికి సిద్ధాంతరూపంలో జవాబు చెప్పలేదు. 18వ అధ్యాయపు కథ ఒక ప్రశ్నతోనే ముగుస్తుంది: మనుష్యకుమారుడు వచ్చినప్పుడు భూమిపై విశ్వాసం కనబడుతుందా? ఆలస్యం ఉన్నదన్న అనుభవాన్ని ఆ ప్రశ్న ఒప్పుకుంటున్నది. అందుచేత పట్టుదలను దేవుణ్ణి కదిలించే సాధనంగా కన్నా, ఆలస్యంలో మనిషి నోరు మూతపడకుండా కాపాడే శక్తిగా చూడడం పాఠానికి దగ్గరగా ఉంటుంది.

‘ధైర్యము’

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయం 16వ వచనంలో కృపాసనం వద్దకు చేరవలసిన తీరును చెప్పే గ్రీకు మాట ‘పర్రేసియా’. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయం 12వ వచనంలో దైవసన్నిధి ప్రవేశాన్ని గురించి చెప్పేటప్పుడూ అదే మాట. తెలుగులో రెండు చోట్లా ‘ధైర్యము’. పర్రేసియా వ్యుత్పత్తి అర్థం ‘అంతా చెప్పడం’. ఏథెన్సు నగర రాజకీయ జీవితంలో అది స్వతంత్ర పౌరుడు సభలో దాపరికం లేకుండా మాట్లాడగలిగే స్థితికి పేరు. బానిసకు ఆ స్థితి లేదు. పత్రికలు ఈ మాటను వాడినప్పుడు క్రీస్తు ద్వారా విశ్వాసికి దైవసన్నిధిలో ఒక పౌరహక్కు వంటిది లభించిందన్న ధ్వని వస్తుంది.

ధైర్యం అన్న తెలుగు మాట మనోగుణాన్ని చెబుతుంది. మాట్లాడే హక్కును చెప్పదు. ఇది తప్పు అనువాదం కాకపోయినా, దీనివల్ల ఒక ఫలితం కలిగింది. పత్రికలలోని ధైర్యమూ, లూకా కథలోని సిగ్గుమాలినతనమూ రెండూ మనోగుణాలే అయిపోయి, బోధలో ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. వాస్తవానికి అవి రెండు భిన్నస్థితులు. పర్రేసియా ఉన్నవాడికి ద్వారం తెరిచి ఉంది. అనైదేయాతో వచ్చినవాడికి ద్వారం మూసి ఉంది. మొదటివాడు తన స్థానబలంతో మాట్లాడతాడు, రెండవవాడు స్థానం లేకపోయినా మాట్లాడతాడు. ‘ధైర్యంగా ప్రార్థించండి’ అన్న ఒక్క వాక్యంలో ఈ రెంటినీ ఇమిడ్చితే తలుపు బయట నిలిచినవాడి అనుభవం కనుమరుగవుతుంది.

తెలుగు భక్తి కవిత్వంలో చనువు

దేవుణ్ణి నిలదీయడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. కంచర్ల గోపన్న గోల్కొండ చెరలో ఉండి సీతారాములకు చేయించిన నగల ఖర్చు లెక్కచెప్పి నిష్ఠూరమాడిన కీర్తన తెలుగువారందరికీ తెలిసినదే. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలో శ్రీకాకుళాంధ్ర విష్ణువును వ్యాజనింద చేశాడు. గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకం ముస్లిం సేనల దాడి నేపథ్యంలో దేవుణ్ణి రోషపరచడానికి చెప్పినదిగా ప్రసిద్ధి పొందింది.

ఈ కవుల తెగింపుకు మూలం చనువు. భక్తుడు దేవునివాడు, దేవుడు భక్తునివాడు. ఈ స్వామ్యభావం ఉన్నందువల్లనే తిట్టు కూడా స్తుతి అవుతుంది. రామదాసు నిష్ఠూరంలో అప్పిచ్చినవాడి గొంతు వినిపించినా, చివరకు అతడు దెబ్బల బాధకు అలా అన్నానని, కోపించవద్దని వేడుకుంటాడు. చనువు హద్దు దాటిందేమోనన్న సంకోచం అందులో ఉంది. యూదు సంప్రదాయంలోనూ దీనికి సమాంతరం దొరుకుతుంది. వాన కురిసేవరకు కదలనని వలయం గీసి అందులో నిలిచిన హోనీ అనే వ్యక్తి కథ మిష్నా తఆనీత్ భాగంలో ఉంది. మరొకరైతే బహిష్కరించవలసిన పనే గాని, తండ్రి వద్ద మారాం చేసే కొడుకులా దేవుని వద్ద ప్రవర్తించినవాణ్ణి ఏం చేయగలమని షిమోన్ బెన్ షెతాహ్ అన్నట్టు అక్కడ చెప్పబడింది. ఇదీ చనువే.

కూర్మనాథకవి పద్ధతి ఇంకొంచెం వేరు. భక్తుల ఆపద చూసి ఊరుకుంటే లోకం నిన్నేమంటుందని ఆయన సిగ్గును దేవుని వైపు తిప్పాడు. నిర్గమకాండం 32వ అధ్యాయంలో మోషే చేసిన విజ్ఞాపనలోనూ ఐగుప్తీయులు ఏమనుకుంటారన్న వాదం ఉంది. యెరెమియాస్, బెయిలీలు లూకా కథలో చూసినది ఇటువంటి సిగ్గునే. ఆ పఠనం లూకా పాఠానికి సరిపడకపోయినా, దేవుని పరువును పట్టుకుని ప్రార్థించే సంప్రదాయం యూదు, తెలుగు సాహిత్యాలు రెంటిలోనూ బలమైనదని ఒప్పుకోవాలి.

లూకా కథలోని తెగింపు మాత్రం చనువు చాలనిచోట మొదలవుతుంది. స్నేహం కోసమైతే లేవడని కథే చెబుతున్నది. విధవరాలికీ న్యాయాధిపతికీ అసలు సంబంధమే లేదు. రామదాసు చెరలో ఉన్నా రాముడు తనవాడే. విధవరాలికి ‘నావాడు’ అని చెప్పుకోదగిన వారెవరూ ఆ కథలో లేరు. తెలుగు నిందాస్తుతికి సమీపంలో ఉన్నట్టు కనిపించే ఈ కథలు దానికి భిన్నమైనవని గుర్తించడం తులనాత్మక పరిశీలనలో అవసరం.

‘గబ్బిలం’: తలుపు బయటి మొర

చనువు లేనివాడి ప్రార్థనకు ఆధునిక తెలుగు సాహిత్యంలో గొప్ప ఉదాహరణ జాషువ ‘గబ్బిలం’ (1941). ఇది సందేశకావ్యం. కాని సందేశం ప్రియురాలికి వెళ్ళదు, కాశీలోని శివునికి వెళుతుంది. పంపేవాడు ఆలయప్రవేశం లేని అరుంధతీసుతుడు. దూత గబ్బిలం. గుడిలో వేలాడే ఆ పక్షికి శివుని చెవి దగ్గరగా ఉంటుంది గనుక, పూజారి లేని సమయం చూసి తన కథ విన్నవించమని అతడు కోరతాడు.

జాషువ క్రైస్తవ కుటుంబంలో పెరిగినవాడు, తరువాత ‘క్రీస్తు చరిత్ర’ రాసినవాడు. అయినా ‘గబ్బిలం’ లూకా కథల అనుసరణ అని చెప్పడానికి ఆధారం లేదు, ఆ వాదం ఇక్కడ చేయడమూ లేదు. నిర్మాణసామ్యం మాత్రం ప్రస్ఫుటం. తలుపు మూసి ఉంది. లోపలివాడితో స్నేహం లేదు. మధ్యలో నిలిచినవాడు పూజారి. అడిగేది వరం కాదు, న్యాయం. అడిగేవాడు తన ఒక్కడికోసమూ అడగడం లేదు, తనవంటివారి బ్రతుకు కథ చెబుతున్నాడు. రామదాసు శివునితోనో రామునితోనో నేరుగా మాట్లాడగలడు. అరుంధతీసుతుడికి ఆ నేరుదనం కూడా లేదు. అపశకునంగా లోకం చీదరించుకునే పక్షిని దూతగా ఎంచుకోవడంలోనే అతని తెగింపు ఉంది. లోకం అవమానంగా చూసేదాన్ని సాధనంగా మార్చుకున్నాడు.

అవమానాన్నే వాదంగా మార్చుకునే ఈ పద్ధతి సువార్తలలోనూ ఉంది. మార్కు 7వ అధ్యాయంలో తన కుమార్తె కోసం వచ్చిన అన్యస్త్రీ, పిల్లల రొట్టె కుక్కపిల్లలకు వేయరాదన్న మాట విని వెనుదిరగలేదు. బల్లకింద పడే ముక్కలను గుర్తుచేసి అదే మాటతో జవాబు చెప్పింది. ఆమె మాటను బట్టే మేలు జరిగిందని కథ చెబుతుంది. ఇక్కడ గెలిచింది ఓర్పు మాత్రమే కాదు, వాక్చాతుర్యం కూడా.

‘సిగ్గుమాలి’ అన్న మాటకు ఈ వెలుగులో కొత్త బరువు వస్తుంది. అట్టడుగువాడు హక్కుగా అడిగినా పైవాడికి అది సిగ్గుమాలినతనంగానే కనిపిస్తుంది, గోజాటగానే వినిపిస్తుంది. ఈ రెండు మాటలూ అడిగేవారు తమకు పెట్టుకున్న పేర్లు కావు. లోపల పడుకున్నవాడి వైపునుంచీ, పీఠం మీద కూర్చున్నవాడి వైపునుంచీ పెట్టబడిన పేర్లు. ఆ పేర్లను భరించి కూడా అడగడమే ఈ కథలు చూపే తెగింపు.

పట్టుదల హద్దు

ఈ పఠనానికి ఒక ఆక్షేపం రావచ్చు. అడిగినది దొరకని ప్రార్థనల మాటేమిటి? సువార్తలలో గెత్సేమనే తోటలో యేసు మూడుసార్లు ప్రార్థించాడు, గిన్నె తొలగలేదు. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 12వ అధ్యాయంలో పౌలు తన ముల్లు తొలగించమని మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది. ఆదికాండం 18వ అధ్యాయంలో అబ్రాహాము సొదొమ కోసం యాభైమంది నీతిమంతుల నుంచి పదిమంది వరకు ఆరుసార్లు బేరమాడాడు. ప్రతిసారీ అంగీకారం లభించింది, అయినా పట్టణం మిగలలేదు.

పట్టుదల ఫలితానికి హామీ అన్న బోధను ఈ పాఠాలు నిలవనివ్వవు. ఫలితం రానివారిని ‘మీ పట్టుదల చాలలేదు’ అని నిందించే బోధకు కూడా ఇవి అడ్డుపడతాయి. దుఃఖంలో ఉన్నవారి మీద ఆ నింద ఎంత బరువు మోపుతుందో వేరే చెప్పనక్కరలేదు. అదే సమయంలో ఈ పాఠాలలో ఎవరూ అడిగినందుకు శిక్షింపబడలేదు. ధూళిని, బూడిదను అని చెప్పుకుంటూనే అబ్రాహాము బేరం కొనసాగించాడు. అడగడం తప్పుగా పరిగణింపబడలేదన్నదే వీటన్నిటి ఉమ్మడి సాక్ష్యం.

ముగింపు

లూకా 11లోని స్నేహితుడి తెగింపును తెలుగు అనువాదం ‘సిగ్గుమాలి’ అన్న మాటతో మూలానికి దగ్గరగా అందించింది. ‘మాటిమాటికి’ అన్న చేర్పు వల్ల ఆ కథ పట్టుదల కథగా స్థిరపడింది. ‘గోజాడు’ అన్న మాట విధవరాలి పోరులోని దెబ్బను దైన్యంగా మార్చింది. ‘ధైర్యము’ అన్న మాట పర్రేసియాలోని మాట్లాడే హక్కును లోపలి గుణంగా మార్చింది. ‘ఉపమానము’ అన్న ప్రక్రియానామం వ్యత్యాసాన్ని పోలికగా చూపించింది. కావ్యార్థాపత్తి అన్న మన శాస్త్రపరిభాష ఆ చిక్కును విడదీయగలదు.

తెలుగు భక్తి కవులు చనువుతో నిలదీశారు. పత్రికలు హక్కుతో చేరమన్నాయి. లూకా కథలలోని స్నేహితుడు, విధవరాలు ఈ రెండూ లేకుండా అడిగారు. తెలుగులో వారికి సన్నిహితుడు గుడిబయట నిలిచి గబ్బిలంతో మాట్లాడిన అరుంధతీసుతుడు. తెలుగు బైబిలును కేవలం మతగ్రంథంగానో, భాషాచరిత్రకు ఆకరంగానో కాక, తెలుగు సాహిత్యంలోని మొర, నిష్ఠూరం, విజ్ఞప్తి వంటి వాక్సంప్రదాయాల పక్కన ఉంచి చదవవలసిన అవసరాన్ని ఈ పరిశీలన సూచిస్తున్నది. ఆ దిశలో కీర్తనల గ్రంథంలోని ఫిర్యాదు కీర్తనలను, యోబు వాదాన్ని తెలుగు శతకాలతో కలిపి పరిశీలించడం తరువాతి పని కాగలదు.